పులి అడుగు వెంట నడవాలంటే: నల్లమల కోసం ఒంటిని, సంచిని సిద్ధం చేసుకోవడం ఎలా?

పులుల లెక్కకు వాలంటీర్‌గా మొదటిసారి నల్లమలలోని అమ్రాబాద్ అడవికి వెళ్లినప్పుడు, రెండో రోజు పదకొండు గంటలకల్లా నాకు అడవి కనిపించడం మానేసింది. కళ్లు బాగానే ఉన్నాయి. చూపు మాత్రం నా బూట్లను దాటి ముందుకు పోవడం లేదు. బొటనవేళ్లు మండుతున్నాయి, తొడలు వణుకుతున్నాయి, భుజాన బ్యాగు పట్టీ కోసుకుపోతోంది. ముందు నడుస్తున్న చెంచు వాచర్ అన్న ఒక్కసారిగా ఆగి వెనక్కి తిరిగాడు. "సారూ, కాలు తియ్యి. పులి అడుగు మీద నిలవడ్డవ్" అన్నాడు. చూస్తే నిజమే. బండి బాటలోని మెత్తని దుమ్ములో సగం ముద్ర నా మడమ కింద చెరిగిపోయింది. మిగిలిన సగంలో రెండు వేళ్ల గుర్తులు అంత స్పష్టంగా ఉన్నా నాకు కనబడలేదు.

ఆ రోజు నాకు అర్థమైంది ఇదే. అడవిలో నడిచేవాడికి ఒంట్లో సత్తువ ఉండాల్సింది కిలోమీటర్లు పూర్తి చేయడానికి మాత్రమే కాదు, చివరి కిలోమీటరులో కూడా కళ్లు, చెవులు పని చేయడానికి. అలిసిపోయిన మనిషి పక్కనుంచి దుప్పుల గుంపు పోయినా చూడడు. అందుకే ఈ సన్నాహం గురించి ఇంత వివరంగా రాస్తున్నాను. పాలమూరు, నల్లగొండ వైపు నుంచి ఈ పనికి వెళ్లాలనుకునేవాళ్లు నేను చేసిన తప్పులు చేయకూడదు.

ముందుగా ఒక మాట. పెద్ద జంతువు వెంట పడడమంటే మన తాతల కాలంలో వేట. నల్లమలలో ఫర్హాబాద్ వైపు నిజాం కాలంలో వేటకు వచ్చేవాళ్లు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత ఆ మాటే లేదు. కుందేలుకు ఉచ్చు పెట్టినా నేరమే. ఇప్పుడు పులి జాడ వెతుక్కుంటూ సామాన్యుడు అడవిలో నడవగలిగే అవకాశం ఎక్కువగా లెక్కింపు సమయంలోనే వస్తుంది. దేశమంతటా పులుల లెక్క 2006 నుంచి నాలుగేళ్లకోసారి జరుగుతోంది. 2006లో 1,411 అని తేలిన పులుల సంఖ్య 2022 లెక్కకు 3,682 అయింది. మన అమ్రాబాద్ పులుల అభయారణ్యం నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా పరచుకుని ఉంది. అంత అడవిని బీట్లుగా, అంటే అటవీ శాఖ చిన్న చిన్న భాగాలుగా, పంచుకుని మనుషులు కాళ్లతో కొలవాలి.

ఏం చేయించుకుంటారో తెలిస్తే దేనికి సిద్ధపడాలో తెలుస్తుంది. మొదటి మూడు రోజులు మాంసాహార జంతువుల గుర్తులు వెతకాలి. బీట్‌కు రోజుకు ఐదు కిలోమీటర్ల చొప్పున పదిహేను కిలోమీటర్లు బండి బాటలు, వాగులు, జంతువుల దారులు పట్టుకుని నడుస్తారు. తర్వాత మూడు రోజులు రెండు కిలోమీటర్ల ట్రాన్సెక్ట్ లైన్ (లెక్క కోసం ముందే గీసి పెట్టిన తిన్నని దారి) మీద పొద్దున్నే నడుస్తూ దుప్పి, కణితి, మనుబోతు, అడవిపంది వంటి గిట్టల జంతువులను లెక్కపెట్టాలి. వివరాలు ఫోన్‌లో పులుల లెక్కకు వాడే ఎం-స్ట్రైప్స్ యాప్‌లో నమోదవుతాయి. కాగితం మీద ఐదు కిలోమీటర్లంటే చిన్నగానే కనిపిస్తుంది. క్యాంపు నుంచి మొదలుపెట్టే చోటుకు, అక్కడి నుంచి వెనక్కి కూడా నడక పడితే రోజుకు పది, పదిహేను కిలోమీటర్లు అయిపోతుంది. అదీ రాళ్ల మీద, వెదురు పొదల కింద వంగుతూ, వాగులోకి దిగి మళ్లీ ఎక్కుతూ.

మూడు నెలల ముందు

పన్నెండు వారాలు ఇవ్వండి. నలభై దాటినవాళ్లు మొదట బీపీ, షుగర్, ఈసీజీ చూపించుకుని డాక్టర్‌తో మాట్లాడాకే మొదలుపెట్టండి. ఇది లాంఛనం అనుకోవద్దు. లోపలి పెంటల (చెంచు గూడేల) నుంచి తారు రోడ్డుకు రావడానికే చాలా సేపు పడుతుంది, పెద్దాసుపత్రి ఇంకా దూరం.

తర్వాత మీకు మీరే ఒక పరీక్ష పెట్టుకోండి. చదునైన దారిలో ఐదు కిలోమీటర్లు గంటలోపు నడిచి, ఆగగానే పక్కవాడితో మామూలుగా మాట్లాడగలిగితే మీ మొదలు బాగుంది. ఆయాసం వస్తే ఇంకో నెల కలుపుకోండి, పోయేదేమీ లేదు.

మొదటి మూడు వారాలు నడక ఒక్కటే. వారానికి నాలుగు రోజులు ఐదేసి కిలోమీటర్లు, ఆదివారం ఎనిమిది. సిమెంటు రోడ్డు వదిలి మట్టి పట్టుకోండి. నల్లగొండ వాళ్లకు పానగల్లు ఉదయసముద్రం కట్ట ఉంది, మిర్యాలగూడ, హాలియా వాళ్లకు సాగర్ ఎడమ కాల్వ గట్టు ఉంది. ఊళ్లో ఉంటే చెలకలే చాలు. దున్నిన చెలకలో సాళ్లకు అడ్డంగా అరగంట నడిస్తే మడమల చుట్టూ ఉండే చిన్న కండరాలకు వచ్చే పని ట్రెడ్‌మిల్ మీద గంట నడిచినా రాదు.

గుట్ట దిగడం నేర్చుకోండి

నాలుగో వారం నుంచి గుట్ట. ఎక్కడం గురించి అందరూ చెప్తారు. అడవిలో మనిషిని నిజంగా పడగొట్టేది దిగుడు. దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే ఒంటి బరువును ఆపాలి. అలవాటు లేకపోతే ఆ రోజు ఏమీ తెలియదు, మర్నాడు పొద్దున మెట్లు దిగలేరు. రెండో రోజు నాకు తొడలు వణికింది ఇందుకే. మంచి సంగతి ఏమిటంటే ఈ నొప్పి ఒకసారి వచ్చి తగ్గాక, అదే పని మళ్లీ చేస్తే అంత రాదు. అంటే ఆ నొప్పిని ఇంటి దగ్గరే ముందే అనుభవించేయాలి.

మనవైపు గుట్టలకు కొదవ లేదు. పాలమూరు పట్నం వాళ్లు మన్యంకొండ మెట్లు పట్టుకోవచ్చు. వనపర్తి వైపు ఖిల్లా ఘనపూర్ కోట, ఇటు దేవరకొండ కోట, నల్లగొండలో లతీఫ్ సాబ్ గుట్ట. అచ్చంపేట వాళ్లకు ఉమామహేశ్వరం ఉండనే ఉంది, అది నల్లమల గడపే. వారానికి రెండుసార్లు వెళ్లండి. ఎక్కేటప్పుడు మామూలుగా ఎక్కండి. దిగేటప్పుడు మోకాలు కొద్దిగా వంచి, చిన్న అడుగులు వేస్తూ, పాదం మొత్తం నేలకు ఆనేలా దిగండి. మోకాలు బిగబట్టి దబ్‌దబ్‌మని దిగితే ఆ దెబ్బంతా కీలు మీద పడుతుంది.

ఆరో వారం నుంచి బ్యాగు వేసుకోండి. మొదట మూడు కిలోలు, రెండు వారాలకు ఐదు, చివరికి ఏడు. బరువు కోసం ఇసుక కంటే నీళ్ల సీసాలు మేలు. పైకి ఎక్కాక మోకాళ్లు నొప్పిగా ఉంటే రెండు సీసాలు అక్కడి చెట్టుకు పోసేసి తేలికగా దిగొచ్చు. సలేశ్వరం జాతరకు నడిచినవాళ్లను అడగండి. చైత్ర పౌర్ణమి ఎండలో ఆ లోయలోకి దిగి, రాళ్ల మధ్య ఒకరి వెనక ఒకరు నడిచి, మళ్లీ ఎక్కి వచ్చినవాళ్లకు ఈ దిగుడు సంగతి నేను చెప్పాల్సిన పని లేదు. వీలైతే సన్నాహంలో భాగంగా ఒక ఏడాది సలేశ్వరం చేసి రండి. నల్లమల రాయి ఎలా జారుతుందో, ఏ రాయి కదులుతుందో కాలికి తెలుస్తుంది.

ఇంట్లో చేయాల్సినవి రెండున్నాయి. ఒకటి గుంజీలు, రోజుకు ఇరవైతో మొదలుపెట్టి అరవై దాకా. రెండోది గొంతుక్కూర్చోవడం. కుర్చీలకు అలవాటుపడిన మనం ఇది మరిచిపోయాం. అడవిలో ప్రతి గుర్తు దగ్గరా కూర్చుని చూడాలి, కొలవాలి, ఫోటో తీయాలి, లేవాలి. ఒక పూటలో నలభై యాభైసార్లు అవుతుంది. మడమలు నేలకు ఆనించి రెండు నిమిషాలు కూర్చుని చేయి ఆనించకుండా లేవగలిగే దాకా సాధన చేయండి. పళ్లు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడడం కూడా మంచిదే, వాగు దాటేటప్పుడు పనికొస్తుంది.

తొమ్మిదో వారం నుంచి శని, ఆదివారాలు రెండు రోజులూ వరుసగా నడవండి. ఒకరోజు పదిహేను కిలోమీటర్లు నడిచి వారమంతా పడుకునే శరీరం మనకు అక్కరకు రాదు. ఆరు రోజులు వరుసగా లేచే శరీరం కావాలి. చివరి వారం మాత్రం సగానికి తగ్గించండి.

నిశ్శబ్దంగా నడవడం కూడా వ్యాయామమే

దీన్ని ఎవరూ నేర్పరు, అందుకే కొంచెం ఆగి చెప్తాను. ట్రాన్సెక్ట్ లైన్ మీద మన అడుగు చప్పుడు వింటే కణితి వంద గజాల ముందే వెళ్లిపోతుంది, లెక్కలోకి రాదు. ఎండాకాలం దగ్గరపడే కొద్దీ టేకు ఆకు రాలి అప్పడాల్లా పగులుతుంది. మా వాచర్ అన్న నడక చూసి నేర్చుకున్నది ఇది: పాదం వెలుపలి అంచు ముందు ఆనించి, కింద పుల్ల ఉందో లేదో తెలుసుకుని, అప్పుడు బరువు దించడం. ప్రతి పది పదిహేను అడుగులకు ఒకసారి ఆగడం. ఆగినప్పుడు తల తిప్పకుండా ముందు వినడం, తర్వాత చూడడం. "నడిచేటప్పుడు నువ్వు కనవడ్తవ్, ఆగినప్పుడు అది కనవడ్తది" అన్నాడాయన.

ఇలా మెల్లగా నడవడం వేగంగా నడవడం కంటే కష్టం. నడుము, పిక్కలు త్వరగా పట్టేస్తాయి. ఎండుటాకులున్న తోటలో పొద్దున్నే అరగంట సాధన చేయండి. ఉడుత పారిపోకుండా ఎంత దగ్గరికి పోగలరో చూసుకోండి.

బూట్లు

మిగతా సామానులో ఎక్కడ రాజీపడినా పరవాలేదు గానీ, బూట్లలో వద్దు. మొదటిసారి నేను ప్రయాణానికి రెండు రోజుల ముందు కొత్త బూట్లు కొన్నాను. దుకాణంలో సరిగ్గా సరిపోయాయని సంబరపడ్డాను. అడవిలో దిగుడు మొదలవగానే పాదం ముందుకు జారి బొటనవేలు బూటు ముక్కుకు కొట్టుకోవడం మొదలైంది. మూడో రోజుకు రెండు గోళ్లు నల్లబడ్డాయి, నెల తర్వాత ఒకటి ఊడిపోయింది.

బూటు కొనేటప్పుడు సాయంత్రం పూట వెళ్లండి, అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. అడవిలో వేసుకోబోయే సాక్సు వేసుకునే కొలత చూడండి. తాళ్లు కట్టక ముందు పాదాన్ని ముందుకు నెట్టితే మడమ వెనక ఒక వేలు దూరాలి. చీలమండ మూసేంత ఎత్తు ఉండాలి. కింది అట్ట (సోల్) మెత్తగా ఉండి, దాని గాట్లు లోతుగా ఉండాలి. ఖరీదైన ట్రెక్కింగ్ బూట్లే కావాలని లేదు. పోలీసులు, అటవీ సిబ్బంది వేసుకునే కాన్వాస్ జంగిల్ బూట్లు తక్కువ ధరకు దొరుకుతాయి, తడిసినా త్వరగా ఆరతాయి, నాకు అవే నచ్చాయి. వాటి లోపల ఒక మెత్తని అట్ట (ఇన్‌సోల్) వేసుకోండి చాలు. ఏ బూటైనా కనీసం వంద కిలోమీటర్లు నడిచి మచ్చిక చేసుకున్నాకే అడవికి తీసుకెళ్లండి. దిగే ముందు ఒక నిమిషం ఆగి చీలమండ దగ్గర తాడు బిగించండి, వేళ్లు బతుకుతాయి.

సాక్సులు మూడు జతలు. గోళ్లు రెండు రోజుల ముందే నేరుగా కత్తిరించుకోండి. మడమ ఎక్కడ వేడిగా అనిపిస్తే అక్కడే ఆగి టేపు అంటించండి. బొబ్బ లేచాక అంటించే టేపుకు విలువ లేదు. నలుగురినీ ఆపడానికి మొహమాటపడొద్దు. ఇప్పుడు రెండు నిమిషాలు ఆపితే సరిపోతుంది, రేపు మీకోసం పూటంతా ఆగాల్సి వస్తుంది.

ఒంటి మీద, సంచిలో

పొడుగు చేతుల చొక్కా, పూర్తి ప్యాంటు, రంగు ఖాకీ గానీ ఆకుపచ్చ గానీ. తెలుపు, ఎరుపు వద్దు. జీన్స్ వద్దు, మంచుకు తడిస్తే బరువెక్కి తొడలు ఒరుసుకుపోతాయి. ప్యాంటు అంచులు సాక్సులోకి దోపుకోండి, పిడుదులు కింద నుంచే ఎక్కుతాయి. సెంటు, వాసన నూనెలు ఇంట్లోనే వదిలేయండి. టోపీ, ఒక పాత తువ్వాల. ఆ తువ్వాల చెమటకు, మెడకు, పరికి ముళ్లు అడ్డమొస్తే చేతికి చుట్టుకోవడానికి, చేయి బెణికితే మెడకు వేలాడదీయడానికి కూడా పనికొస్తుంది.

సంచిలో మూడు లీటర్ల నీళ్లు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, టార్చి, విజిల్, పవర్ బ్యాంకు, నోట్ పుస్తకం, పెన్సిల్, టేపు, దూది, గాయాల మందు, మీరు రోజూ వేసుకునే మాత్రలు. పెన్ను కంటే పెన్సిల్ మంచిది, తడిసినా రాస్తుంది. ఫోన్ సిగ్నల్ చాలా చోట్ల ఉండదు కాబట్టి ఇంట్లో ముందే చెప్పి వెళ్లండి, లేకపోతే వాళ్లకు టెన్షన్. ఛాతీ ఎత్తు కర్ర ఒకటి ఉంటే దిగుడులో మూడో కాలు అవుతుంది. పచ్చి కొమ్మ మాత్రం నరకొద్దు, ఇంటి నుంచే తెచ్చుకోండి. శీతాకాలం రాత్రుళ్లు నల్లమలలో చలి గట్టిగానే ఉంటుంది, క్యాంపులో పడుకోవడానికి మందపాటి దుప్పటి పెట్టుకోండి.

తిండికి మన సద్ది మూటను మించింది నాకు కనబడలేదు. జొన్న రొట్టె మీద పల్లీల కారం, సర్వపిండి ముక్కలు, వేయించిన పల్లీలు, బెల్లం. సర్వపిండి మర్నాటికీ చెడదు, సంచిలో నలగదు. బయల్దేరే ముందు ఒక గ్లాసు తైద (రాగి) అంబలి తాగితే పది గంటల దాకా ఆకలి రాదు. నీళ్లు దాహం వేశాక గటగట తాగడం కంటే ఇరవై నిమిషాలకోసారి రెండు గుక్కలు తాగుతూ పోవడం మేలు. చిప్స్ ప్యాకెట్లు వద్దు, ఆ కవరు చప్పుడు అడవంతా వినిపిస్తుంది.

కంటికి కూడా తర్ఫీదు కావాలి

కాళ్లు సిద్ధమవుతుంటే కళ్లను కూడా సిద్ధం చేయండి. ఊరి చివర దుమ్ము బాటలో పొద్దున్నే కుక్క అడుగు, పిల్లి అడుగు పక్కపక్కన చూడండి. కుక్క అడుగులో గోళ్ల గుర్తు ముందు పడుతుంది. పిల్లి గోళ్లు లోపలికి ముడుచుకుని నడుస్తుంది కాబట్టి పడదు. పులి, చిరుత పిల్లి జాతే, రేసుకుక్క, దుమ్ములగొండి అడుగుల్లో గోళ్లు కనిపిస్తాయి. ఎలుగుబంటి వెనక పాదం చూస్తే చెప్పులు లేని మనిషి అడుగేమో అనిపిస్తుంది, ముందు పొడుగాటి గోళ్ల గీతలు చూసి గుర్తుపట్టాలి.

నేను సగం తొక్కేసిన ఆ ముద్ర దగ్గర వాచర్ అన్న గొంతుక్కూర్చుని చూపించింది ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. బాటంతా మంచు చుక్కలు పడి దుమ్ము మీద ఆవగింజలు చల్లినట్టు చిన్న గుంటలున్నాయి. ముద్ర లోపల మాత్రం నున్నగా ఉంది, ఒక్క గుంట లేదు. "మంచు వడ్డంక పోయింది సారూ. తెల్లారగట్ల" అన్నాడు. మేం అప్పటికి నాలుగైదు గంటలు ఆలస్యం. అంతే తేడా.

అడవిలో ఉన్నప్పుడు

వాచర్ మాటే చివరి మాట. ఆయన ఆగితే ఆగండి, కూర్చోమంటే కూర్చోండి, కారణం తర్వాత అడగండి. నల్లమలలో పులి కంటే ఎక్కువ జాగ్రత్తపడాల్సింది ఎలుగుబంటితో. చలికాలం రేగుపండ్లు పండినప్పుడు రేగు పొదల దగ్గర, పుట్టలు తవ్విన చోట, రాళ్ల గుహల దగ్గర ఉంటుంది. దగ్గరకు పోయేదాకా మనల్ని గమనించదు, ఉలిక్కిపడి మీదికి వస్తుంది. పొద చుట్టూ దూరంగా తిరిగి పొండి. పులి ఎదురైతే పరుగెత్తొద్దు, వీపు చూపొద్దు. అందరూ ఒకచోట దగ్గరగా నిలబడి మెల్లగా వెనక్కి జరగండి. ఫోటో కోసం ఒక్క అడుగు కూడా ముందుకు వేయొద్దు.

పాము కరిస్తే కోయడం, పీల్చడం, తాడు బిగించి కట్టడం, ఏదీ వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా కర్ర ఆనించి ఉంచి, మనిషిని నడిపించకుండా మోసుకుని రోడ్డుకు చేర్చి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. రాయి మీద కూర్చునే ముందు కర్రతో తట్టడం, బూటు తొడుక్కునే ముందు బోర్లించి దులపడం అలవాటు చేసుకోండి.

సాయంత్రం క్యాంపుకు రాగానే మంచం మీద వాలిపోవాలనిపిస్తుంది. పది నిమిషాలు ఆగండి. మోకాళ్ల వెనక, నడుము చుట్టూ, చంకల్లో, చెవుల వెనక పిడుదులున్నాయేమో చూసుకోండి. ఉంటే చర్మానికి ఆనించి చిమటాతో పట్టి నేరుగా పైకి లాగండి, నలపొద్దు, కాల్చొద్దు. పాదాలు కడిగి, వేళ్ల మధ్య తుడిచి, పౌడర్ వేసి ఆరనివ్వండి. తడిసిన బూట్లను పొయ్యి పక్కన పెడితే అతుకు ఊడిపోతుంది, లోపల పాత పేపరు కుక్కి గాలికి పెట్టండి. రేపటి సాక్సులు, నీళ్ల సీసాలు, నిండా చార్జ్ అయిన ఫోన్ ఇప్పుడే సంచిలో సర్దేయండి. ట్రాన్సెక్ట్ రోజు తెల్లారకముందే బయల్దేరాలి, చీకట్లో వెతుక్కుంటూ కూర్చుంటే లైన్ మొదట్లోకి చేరేసరికి ఎండ పడుతుంది, దుప్పులు నీడకు వెళ్లిపోతాయి.